ఆస్బెస్టాస్ ట్రస్టుల నుంచి పరిహారం: తరచుగా అడిగే ప్రశ్నలు

ఇది అమెరికాకు సంబంధించిన వ్యవహారం. అక్కడి ఓడల యార్డుల్లో, విద్యుత్ కేంద్రాల్లో, చమురు శుద్ధి కర్మాగారాల్లో, ఉక్కు మిల్లుల్లో ఆస్బెస్టాస్ ధూళి పీల్చి దశాబ్దాల తర్వాత జబ్బుపడినవారికి పరిహారం ఇవ్వడానికి ప్రత్యేక ట్రస్టులున్నాయి. 1965లో అమెరికా వలస చట్టం మారాక అక్కడికి వెళ్లిన తెలుగు ఇంజనీర్లలో ఇలాంటి చోట్ల పనిచేసినవారూ ఉన్నారు. వారిలో చాలామంది ఇప్పుడు ఎనభైకి అటూ ఇటూ ఉన్నారు. కాబట్టి ఈ ప్రశ్నలు అడిగేది ఎక్కువగా వారి పిల్లలే. ఒక్కో ట్రస్టుకు ఒక్కో నియమావళి ఉంటుంది, అది మారుతూ ఉంటుంది కూడా. ఇక్కడ చెప్పింది చాలా ట్రస్టులకు ఉమ్మడిగా వర్తించే పద్ధతి. దరఖాస్తు పెట్టే ముందు ఆ ట్రస్టు తాజా నియమావళి చదవడం తప్పదు.

ఈ ట్రస్టులు ఎవరివి? ఆ డబ్బు ఎక్కడిది?

ప్రభుత్వ సొమ్ము కాదు. ఆస్బెస్టాస్ సరుకు తయారుచేసి, అమ్మి, దివాలా పిటిషన్ వేసిన కంపెనీలదీ వాటి బీమా సంస్థలదీ.

టెక్సాస్‌లో ఇన్సులేషన్ పని చేసిన క్లారెన్స్ బోరెల్ కేసులో, ప్రమాదం గురించి కార్మికులను హెచ్చరించాల్సిన బాధ్యత తయారీదారులదేనని 1973లో అప్పీలు కోర్టు తేల్చింది. ఆ తర్వాత దావాలు వేల సంఖ్యలో వచ్చిపడ్డాయి. ఆ రంగంలో అతి పెద్దదైన జాన్స్-మాన్‌విల్ 1982 ఆగస్టులో దివాలా రక్షణ కోరింది. లెక్కల్లో చూస్తే అప్పటికి దాని ఆస్తులు అప్పులకంటే ఎక్కువే. అది భయపడింది ముందుముందు రాబోయే దావాలకు. చివరికి కుదిరిన ఏర్పాటు ఏమిటంటే, కంపెనీ బతుకుతుంది, దాని వాటాలూ సొమ్మూ ఒక ట్రస్టుకు వెళతాయి, ఇప్పటి బాధితులూ రేపటి బాధితులూ అందరూ ఆ ట్రస్టునే అడగాలి. 1988లో అలా మాన్‌విల్ ట్రస్టు పని మొదలుపెట్టింది. 1994లో అమెరికా కాంగ్రెస్ ఇదే పద్ధతిని దివాలా చట్టంలో 524-జి సెక్షన్‌గా చేర్చింది. మిగతా కంపెనీలు అదే దారి పట్టాయి.

అమెరికా ప్రభుత్వ జవాబుదారీ కార్యాలయం 2011లో ఇచ్చిన నివేదిక ప్రకారం అలాంటి ట్రస్టులు సుమారు 60. 1988 నుంచి 2010 దాకా అవి దాదాపు 33 లక్షల క్లెయిములకు సుమారు 1,750 కోట్ల డాలర్లు చెల్లించాయి.

ట్రస్టును అడగడం దావా వేయడం కాదు. జడ్జి ఉండడు, జ్యూరీ ఉండదు, కంపెనీ నిర్లక్ష్యాన్ని రుజువు చేయనక్కరలేదు. జబ్బు ఉందని, ఆ కంపెనీ సరుకు తగిలిందని కాగితాలతో చూపిస్తే చాలు. కష్టమంతా ఆ రెండో దానిలోనే ఉంది.

ఏ జబ్బులకు ఇస్తారు?

చాలా ట్రస్టులు జబ్బులను ఎనిమిది స్థాయులుగా విడదీస్తాయి. పై మెట్టున మీసోథీలియోమా ఉంటుంది. ఇది ఊపిరితిత్తుల పైపొరకో పొట్ట లోపలి పొరకో వచ్చే కేన్సర్. దాని కింద ఊపిరితిత్తుల కేన్సర్ రెండు స్థాయుల్లో, తర్వాత పెద్దపేగు, స్వరపేటిక, అన్నవాహిక వంటి చోట్ల వచ్చే కేన్సర్లు, ఆ కింద తీవ్రమైన ఆస్బెస్టోసిస్ (ఆస్బెస్టాస్ ధూళి వల్ల ఊపిరితిత్తులు గట్టిపడే జబ్బు), మామూలు ఆస్బెస్టోసిస్, ఊపిరితిత్తుల పైపొర మందం కావడం వస్తాయి. అట్టడుగు మెట్టుకు నామమాత్రపు సొమ్ము ఒక్కసారి ఇచ్చి సరిపెడతారు.

మొదటిసారి ధూళి తగిలిన నాటికీ జబ్బు బయటపడిన నాటికీ మధ్య కనీసం 10 ఏళ్లు గడిచి ఉండాలన్నది దాదాపు అన్నిచోట్లా ఉన్న షరతు. ఇది మనవారికి అడ్డంకి కాదు. మీసోథీలియోమా బయటపడడానికి మామూలుగానే 20 నుంచి 50 ఏళ్లు పడుతుంది.

డాక్టరు చీటీ ఒక్కటే సరిపోదు. మీసోథీలియోమాకు బయాప్సీ నివేదిక దాదాపు తప్పనిసరి. ఆస్బెస్టోసిస్‌కు ఎక్స్‌రేను ప్రత్యేక అర్హత ఉన్న డాక్టరు చదివి ఇచ్చిన అంచనా, ఊపిరితిత్తుల సామర్థ్య పరీక్ష ఫలితాలు అడుగుతారు. చికిత్స హైదరాబాదులోనో విశాఖలోనో జరిగి ఉంటే డిశ్చార్జి సమ్మరీతో ఆగకండి. పూర్తి పాథాలజీ నివేదిక, వీలైతే కణజాలపు స్లైడ్లు, బ్లాకులు కూడా ఆసుపత్రి నుంచి రాతపూర్వకంగా అడిగి తీసుకోండి. ఆలస్యమైతే అవి దొరుకుతాయన్న భరోసా లేదు.

నేను సిగరెట్లు తాగేవాణ్ణి. నాకు అర్హత పోయినట్టేనా?

పోదు. మీసోథీలియోమాకు పొగాకుతో సంబంధమే లేదు, కాబట్టి ఆ ప్రశ్నే రాదు. ఊపిరితిత్తుల కేన్సర్‌లో మాత్రం తేడా పడుతుంది. ఆస్బెస్టోసిస్ లేదా పొర మందమైన ఆనవాళ్లు కూడా కనిపిస్తే పై స్థాయిలో, అవి లేకపోతే కింది స్థాయిలో చూస్తారు. కింది స్థాయిలో ట్రస్టు విడిగా పరిశీలించి మొత్తం నిర్ణయిస్తుంది, పొగ తాగిన చరిత్ర అక్కడ లెక్కలోకి వస్తుంది. దాచడం మాత్రం వద్దు. మీ వైద్య రికార్డుల్లో ప్రతి డాక్టరూ ఆ ముక్క రాసే ఉంటాడు.

ఏ కంపెనీ సరుకు తగిలిందో ఎలా నిరూపించాలి?

క్లెయిము నిలిచేదీ పడిపోయేదీ ఇక్కడే. ప్రతి ట్రస్టూ తన కంపెనీ సరుకుకు మాత్రమే బాధ్యత వహిస్తుంది. ఓవెన్స్ కార్నింగ్ అయితే కేలో పైపు ఇన్సులేషన్, పిట్స్‌బర్గ్ కార్నింగ్ అయితే యూనిబెస్టాస్, బాబ్‌కాక్ అండ్ విల్‌కాక్స్ అయితే బాయిలర్లు, గార్లాక్ అయితే గాస్కెట్లు, గ్రేస్ అయితే మోంటానాలోని లిబీ గని నుంచి వచ్చిన వర్మిక్యులైట్ అనే ఖనిజపు సరుకు. "ఆస్బెస్టాస్ మధ్య పనిచేశాను" అని రాస్తే ఏ ట్రస్టూ పట్టించుకోదు. ఎక్కడ, ఏ ఏడాది నుంచి ఏ ఏడాది దాకా, ఏ పని చేస్తూ, ఎవరి సరుకు పక్కన అన్నది రాయాలి.

మీసోథీలియోమాకు షరతులు తక్కువ. 1982 డిసెంబరు 31కి ముందు ఆ కంపెనీ సరుకు తగిలిందనే నమ్మదగిన ఆధారం ఉంటే చాలా ట్రస్టుల్లో సరిపోతుంది. ఆస్బెస్టోసిస్, కేన్సర్లలోని చాలా స్థాయులకు ఆ తేదీకి ముందు ఆరు నెలలు ఆ కంపెనీ సరుకుతో, మొత్తంమీద ఐదేళ్లు ఆస్బెస్టాస్ ఉన్న పనిలో గడిపినట్టు చూపాలి.

ఇంజనీర్ల కుటుంబాలు ఇక్కడ అనవసరంగా వెనక్కి తగ్గుతాయి. "నాన్నగారు చేత్తో ముట్టుకోలేదు, డ్రాయింగులు చూసే ఆఫీసరు" అనుకుంటారు. నియమావళిలో సరుకును కోసిన, కలిపిన, తొలగించినవారితో పాటు, అలాంటి పని జరుగుతున్న చోటికి దగ్గరగా క్రమం తప్పకుండా పనిచేసినవారిని కూడా చేర్చారు. బాయిలరు విప్పుతుంటే పక్కన నిలబడి తనిఖీ చేసిన ఇంజనీరు, ఓడ ఇంజను గదిలో పరీక్షలు జరిపించిన సూపర్‌వైజరు ఆ మాటలో ఇముడుతారు. ఉద్యోగపు హోదా రాసి ఊరుకుంటే అది తెలియదు. "డిజైన్ ఇంజనీరు" అని మాత్రమే రాసిన క్లెయిము తిరిగి వస్తుంది. "వారానికి మూడు రోజులు టర్బైన్ హాలులో, పైపుల మీది పాత ఇన్సులేషన్ ఊడదీస్తున్న పనివారి పక్కన" అన్నది నిజమైతే అలాగే రాయాలి.

చాలా ట్రస్టుల వెబ్‌సైట్లలో వారి సరుకు చేరినట్టు ముందే ఒప్పుకున్న పని స్థలాల జాబితా ఉంటుంది. మీ నాన్నగారు పనిచేసిన కేంద్రం, ఆ సంవత్సరాలతో సహా, ఆ జాబితాలో కనిపిస్తే సగం బరువు తగ్గినట్టే.

నాన్నగారికి కంపెనీల పేర్లు గుర్తులేవు. కాగితాలు కూడా లేవు.

యాభై ఏళ్ల కిందటి పైపు మీది ముద్ర ఎవరికి గుర్తుంటుంది? ముందు ఉద్యోగ చరిత్ర తెప్పించండి. అమెరికా సోషల్ సెక్యూరిటీ కార్యాలయానికి ఎస్‌ఎస్‌ఏ-7050 ఫారం పంపి రుసుము కడితే, ఏ ఏడాది ఏ యజమాని దగ్గర ఎంత సంపాదించారో వివరంగా ఇస్తారు. అందులోని యజమానుల పేర్లను ట్రస్టుల పని స్థలాల జాబితాలతో పోల్చి చూడండి. యూనియన్ సభ్యత్వం ఉండి ఉంటే వారి రికార్డులు, సైన్యంలో పనిచేసి ఉంటే డీడీ-214 సర్వీసు పత్రం, పాత ఫొటోలు, ఆ రోజుల్లో ఇంటికి రాసిన ఉత్తరాలు, అన్నీ పనికొస్తాయి. "వచ్చే నెల నుంచి ఫలానా ప్లాంటులో పని" అని 1974లో రాసిన ఒక ఏరోగ్రామ్ తేదీని నిలబెట్టగలదు.

ఇక తోటి ఉద్యోగుల మాట. అదే ప్లాంటులో అదే కాలంలో పనిచేసిన వ్యక్తి ప్రమాణపూర్వకంగా ఇచ్చే అఫిడవిట్‌కు చాలా విలువ ఉంది. వారూ పెద్దవారే కాబట్టి వాయిదా వేయకూడదు. రోగి మాట్లాడగలిగే స్థితిలో ఉండగానే కూర్చుని, ఊళ్ల వారీగా, సంవత్సరాల వారీగా అడిగి రాసుకుని సంతకం చేయించండి. "ఏ కంపెనీ" అని అడిగితే జ్ఞాపకం తెరుచుకోదు. "ఆ ప్లాంటులో మీ టేబుల్ ఎక్కడ ఉండేది, మధ్యాహ్నం భోజనం ఎవరితో చేసేవారు" అని మొదలుపెడితే పేర్లు వాటంతట అవే వస్తాయి. అయితే సమాధానం మీరే అందించకండి. జాబితా ముందుపెట్టి "ఇది వాడారు కదా" అనిపించుకున్న సాక్ష్యం ఎక్కడో ఒకచోట బెడిసికొడుతుంది.

ఒకటికి మించి ట్రస్టులను అడగవచ్చా?

అడగవచ్చు, అడగాలి కూడా. ఒకే ప్లాంటులో పైపుల మీది ఇన్సులేషన్ ఒకరిది, బాయిలరు ఒకరిది, గాస్కెట్లు ఇంకొకరివి. అర్హత ఉన్న ప్రతి ట్రస్టుకూ విడిగా దరఖాస్తు పెట్టడం చట్టబద్ధమే.

అన్నింటిలో కథ మాత్రం ఒకటే ఉండాలి. గార్లాక్ దివాలా కేసులో నార్త్ కరోలైనా దివాలా కోర్టు జడ్జి జార్జ్ హాడ్జెస్ 2014 జనవరిలో ఇచ్చిన తీర్పు ఈ రంగాన్ని కుదిపేసింది. గార్లాక్ పాత దావాల్లో 15 కేసులను తిరగతోడితే, పదిహేనింటిలోనూ ఇతర కంపెనీల సరుకు తగిలిన ఆధారాలను దాచినట్టు తేలింది. కంపెనీ మీద దావా వేసేటప్పుడు వేరే ఏ సరుకూ తెలియదనడం, ఆ తర్వాత ట్రస్టుల దగ్గర వాటి పేర్లన్నీ రాయడం. బాధితుల తరఫు వారు వంద కోట్ల డాలర్లకు పైగా అడిగిన చోట జడ్జి గార్లాక్ బాధ్యతను 12.5 కోట్లుగా లెక్కగట్టారు. అంతకుముందే 2012లో ఒహాయో, దావా వేసినవారు తమ ట్రస్టు క్లెయిములన్నీ వెల్లడించాలని చట్టం చేసింది. తర్వాత మరికొన్ని రాష్ట్రాలూ అదే బాట పట్టాయి. మీ లాయరు "ప్రస్తుతానికి ఈ పేరు రాయవద్దు" అంటే ఎందుకని అడగండి, జవాబు నచ్చకపోతే లాయరును మార్చండి.

ఎంత వస్తుంది?

ప్రకటనల్లో కనిపించే అంకె రాదు. ట్రస్టు ప్రతి జబ్బుకూ ఒక జాబితా విలువ పెడుతుంది. దానిలో కొంత శాతమే చెల్లిస్తుంది. ఆ శాతాన్ని చెల్లింపు శాతం అంటారు. రేపు, ఎల్లుండి రాబోయే బాధితులకు కూడా మిగల్చాలి కాబట్టి ఈ కోత.

మాన్‌విల్ చరిత్ర చూస్తే విషయం అర్థమవుతుంది. పూర్తి మొత్తాలు ఇవ్వడంతో మొదలుపెట్టి రెండేళ్లలోనే డబ్బుకు కటకటలాడింది. 1995లో 10 శాతానికి, 2001లో 5 శాతానికి దిగింది. 2002 నియమావళిలో మీసోథీలియోమా జాబితా విలువ 3,50,000 డాలర్లు. 5 శాతం లెక్కన చేతికి వచ్చేది 17,500. లాయరు రుసుము 25 శాతం పోతే 13,125. ఈ శాతం ఆ తర్వాత పెరిగింది, తగ్గింది, ఒక అంకెలోనే ఉంటోంది. కొన్ని ట్రస్టులు ఇంతకంటే చాలా మెరుగ్గా చెల్లిస్తాయి. అందుకే ఏ ఒక్క ట్రస్టునో చూసి ఆశపడడం గానీ నిరాశపడడం గానీ కుదరదు, అర్హత ఉన్నవన్నీ కలిపి చూడాలి.

త్వరిత పరిశీలన, వ్యక్తిగత పరిశీలన: ఏది ఎంచుకోవాలి?

త్వరిత పరిశీలనలో షరతులు తీరితే జాబితా విలువనే స్థిరంగా తీసుకుని దానిలో చెల్లింపు శాతం ఇస్తారు, బేరం ఉండదు. వ్యక్తిగత పరిశీలనలో వయసు, ఆదాయం, మీద ఆధారపడినవారు, బాధ తీవ్రత చూసి పెంచవచ్చు, తగ్గించనూ వచ్చు, సమయమూ ఎక్కువ. ఎనభై దాటిన, ఆధారాలు శుభ్రంగా ఉన్న వ్యక్తికి మొదటిదే మేలని నా అభిప్రాయం. నలభై యాభైల్లో మీసోథీలియోమా వచ్చి, పిల్లలు చదువుకుంటున్న ఇల్లయితే రెండోది ఆలోచించదగినది. దాదాపు అన్ని ట్రస్టుల్లోనూ, రోగి పరిస్థితి విషమంగా ఉన్నా ఆర్థికంగా చితికిపోయినా వరుస దాటించి ముందు చూసే ఏర్పాటు ఉంది. అడగనిదే ఎవరూ ముందుకు జరపరు.

గడువు ఎంత?

చాలా ట్రస్టుల్లో జబ్బు నిర్ధారణ అయిన నాటి నుంచి 3 ఏళ్లు. గడువు మొదలయ్యేది ధూళి పీల్చిన రోజు నుంచి కాదు. కోర్టులో దావా వేయాలంటే మాత్రం రాష్ట్ర చట్టాల గడువు వేరు, కొన్నిచోట్ల ఒక్క ఏడాదే.

లాయరు తప్పనిసరా?

చట్టం ప్రకారం కాదు. ట్రస్టులు నేరుగా కూడా క్లెయిములు తీసుకుంటాయి. కానీ ఐదారు ట్రస్టులకు, ఒక్కోదానికి ఒక్కో ఫారంతో నడపడం ఇంట్లోవారికి కష్టమే. మాన్‌విల్‌తో సహా కొన్ని ట్రస్టులు లాయరు రుసుమును 25 శాతానికి పరిమితం చేశాయి. కోర్టు దావాల్లో మామూలుగా తీసుకునే 33 నుంచి 40 శాతాన్ని ట్రస్టు క్లెయిములకు కూడా ఒప్పందంలో కలిపేస్తే సంతకం పెట్టకండి. ఖర్చులు రుసుముకు ముందు తీస్తారా, తర్వాతా అన్నదీ అడగండి. టీవీలో, ఇంటర్నెట్‌లో కనిపించే చాలా ప్రకటనలు కేసులు పోగుచేసి వేరే సంస్థకు అప్పగించేవే. మీ ఫైలు చివరికి ఏ లాయరు చూస్తాడో పేరుతో సహా తెలుసుకోండి. ముందుగా డబ్బు అడిగేవారు ఈ రంగంలో పనిచేసే లాయర్లు కారు.

నాన్నగారు చనిపోయారు. ఇప్పుడు అడగవచ్చా?

గడువులో ఉంటే వారసులు అడగవచ్చు. ఆధారాలు అవే, అదనంగా మరణ ధ్రువపత్రం, దానిలో మరణ కారణం ముఖ్యం. ఇండియాలో చనిపోయినవారి ధ్రువపత్రంలో కారణం ఉండకపోవచ్చు, అప్పుడు ఆసుపత్రి నివేదిక జతచేయాలి.

మనవారికి ఇక్కడ రెండు చిక్కులు వస్తాయి. మొదటిది పేరు. అమెరికా రికార్డుల్లో ఇంటిపేరు చివర, ఇక్కడి పత్రాల్లో ముందు, ఒకచోట పొడి అక్షరాలు, మరోచోట పూర్తి పేరు. నాలుగు పేర్లూ ఒకే వ్యక్తివని అఫిడవిట్ మొదట్లోనే జతచేస్తే నెలల ఉత్తర ప్రత్యుత్తరాలు తప్పుతాయి. రెండోది అధికారం. తహసీల్దారు ఇచ్చే కుటుంబ సభ్యుల పత్రం ఇక్కడ చాలా పనులకు చెల్లుతుంది కానీ, ట్రస్టులు సాధారణంగా ఎస్టేటు ప్రతినిధిగా (చనిపోయినవారి ఆస్తి వ్యవహారాలు చూసే వ్యక్తిగా) నియమిస్తూ అమెరికా రాష్ట్ర కోర్టు ఇచ్చిన పత్రం అడుగుతాయి. దానికి వేరే లాయరు, వేరే రుసుము. చెల్లింపు చిన్నదైతే ఈ ఖర్చు ముందే లెక్క వేసుకోవాలి.

అమ్మ ఎప్పుడూ ప్లాంటుకు వెళ్లలేదు, నాన్న పని బట్టలు ఉతికింది. ఆమెకు జబ్బు వచ్చింది.

ఇది కూడా ఒప్పుకునే క్లెయిమే. బట్టలకు అంటుకున్న పీచు ఇంటికి వచ్చి భార్యలకు, పిల్లలకు మీసోథీలియోమా తెచ్చిన కేసులు చాలా ఉన్నాయి. నాన్నగారి ఉద్యోగ చరిత్రను అర్హత స్థాయిలో నిరూపించి, తర్వాత ఒకే ఇంట్లో ఉన్నారని, బట్టలు ఉతికేవారని చూపాలి. చాలా ట్రస్టులు దీన్ని వ్యక్తిగత పరిశీలనలోనే తీసుకుంటాయి.

ఇప్పుడు ఆస్బెస్టోసిస్‌కు తీసుకుంటే, రేపు కేన్సర్ వస్తే?

కేన్సర్ కాని జబ్బుకు తీసుకున్నవారు తర్వాత కేన్సర్ వస్తే మళ్లీ అడిగే హక్కు చాలా ట్రస్టుల్లో ఉంది. విడుదల పత్రం (ఇక ఏమీ అడగనని ట్రస్టుకు రాసిచ్చే కాగితం) మీద సంతకం చేసే ముందు ఆ వాక్యం ఉందో లేదో చూసుకోండి.

పన్ను, మెడికేర్ సంగతేమిటి?

శారీరక జబ్బుకు వచ్చిన పరిహారం మీద అమెరికా ఫెడరల్ ఆదాయపు పన్ను సాధారణంగా ఉండదు. మెడికేర్, అంటే అమెరికా ప్రభుత్వ వైద్య బీమా, మీ వైద్యానికి ఖర్చు పెట్టి ఉంటే పరిహారంలో వాటా అడగవచ్చు. ధూళి తగలడం 1980 డిసెంబరు 5కి ముందే ముగిసిపోయి ఉంటే మాత్రం మెడికేర్ వసూలు చేయదు. ఇండియాలో నివసిస్తూ తీసుకునేవారు ఇక్కడి పన్ను విషయం ఛార్టర్డ్ అకౌంటెంట్‌తో విడిగా చూసుకోవాలి.

ఆ కంపెనీకి ట్రస్టు లేదు. ఇక దారి లేదా?

దివాలా తీయని కంపెనీ మీద కోర్టులో దావా వేయవచ్చు. ట్రస్టు క్లెయిమూ, దావా రెండూ ఒకేసారి నడపవచ్చు. రైల్వే ఉద్యోగులకు 1908 నాటి ఫెడరల్ చట్టం, మాజీ సైనికులకు వారి శాఖ ఇచ్చే వైకల్య భృతి వేరుగా ఉన్నాయి.

నేను ఇండియాలోనే పనిచేశాను. ఈ ట్రస్టులు నాకు ఇస్తాయా?

దాదాపుగా ఇవ్వవు. అమెరికా బయట తగిలిన ధూళికి సంబంధించిన క్లెయిములను చాలా ట్రస్టులు వ్యక్తిగత పరిశీలనలో మాత్రమే చూస్తాయి. ఆ కంపెనీ సరుకే ఇక్కడ తగిలిందని రుజువు కావాలి, పైగా ధూళి తగిలిన దేశపు చట్టం ఏమి ఇచ్చేదో కూడా చూస్తారు. విదేశీ ఓడల్లో పనిచేసిన నావికులు, అమెరికా కంపెనీల ప్రాజెక్టుల్లో పనిచేసినవారు అడిగి చూడవచ్చు. సిమెంటు రేకుల ఫ్యాక్టరీలో పనిచేసినవారు కమీషన్ ఏజెంట్ల మాట నమ్మి డబ్బు పోగొట్టుకోవద్దు.

వారి దారి వేరు, అది ఇక్కడి చట్టాల్లోనే ఉంది. పులివెందుల ప్రాంతంలో ఆస్బెస్టాస్ గనులు నడిచాయి, హైదరాబాదులో తయారైన చార్మినార్ రేకులు ఊరూరా పరిచితం. కేంద్రం 1986లో కొత్త గని లీజులు ఆపింది గానీ, దిగుమతి చేసుకున్న ఆస్బెస్టాస్‌తో రేకుల తయారీ ఆగలేదు. కార్మికుల పరిహార చట్టపు షెడ్యూలులో ఆస్బెస్టోసిస్‌ను వృత్తిసంబంధ వ్యాధిగా చేర్చారు. ఈఎస్ఐ పరిధిలో ఉన్నవారు అక్కడే అడగాలి. 1995 జనవరి 27న సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు ప్రకారం, ఆస్బెస్టాస్ ఫ్యాక్టరీ యాజమాన్యం ప్రతి కార్మికుడి ఆరోగ్య రికార్డును ఉద్యోగంలో చేరిన నాటి నుంచి 40 ఏళ్లు లేదా పదవీ విరమణ తర్వాత 15 ఏళ్లు, ఏది తర్వాత వస్తే అంతదాకా భద్రపరచాలి. వృత్తి వ్యాధి ఉన్నట్టు ధ్రువీకరణ అయినవారికి లక్ష రూపాయల పరిహారం అన్నదీ ఆ తీర్పులోనిదే. పదవీ విరమణ చేసినవారు ముందుగా చేయాల్సింది, ఆ రికార్డు నకలు కావాలని యాజమాన్యానికి రిజిస్టర్డ్ పోస్టులో రాసి, రసీదు దాచుకోవడం.